సుమియాతి పొలం

"నువ్వే చెప్పాలె కుబ్రా. నీ మాటైతే వింటది," అన్నాడు మా అన్న తౌఫీఖ్. నేను చేటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతున్నాను. బడి నుంచి వచ్చి ఇంకా ముఖం కూడా కడుక్కోలేదు. చెప్పాల్సింది మా భాభీకి. ఇండోనేషియాలో తన ఊళ్లో వున్న పొలం అమ్మి, ఆ డబ్బు తెప్పించి మొగుడి చేతిలో పెట్టమని. మొఘల్‌పురాలో మేముండే ఈ పాత ఇల్లు పడగొట్టి మూడంతస్తులు కట్టాలని అన్నదమ్ములిద్దరూ అనుకున్నారు. కింద తౌఫీఖ్ భాయ్, పైన తమ్ముడు నవీద్, ఆ పైది కిరాయికి. "నీకు డాబా మీద ఒక రూమ్ ఏస్తం ఆపా, గాలి మస్తు వస్తది," అన్నాడు నవీద్ మొన్న, ఏదో దానం చేస్తున్నవాడిలా.

భాభీ అసలు పేరు సుమియాతి. జావా దీవిలో సముద్రానికి కాస్త ఇవతల, నీళ్లు ఇట్టే నిలిచే పల్లపు నేలలో ఒక చిన్న ఊరు ఆమెది. సౌదీలో, జెద్దాలో ఒక ఇంట్లో పనికి వున్నప్పుడు, అదే వీధిలో కారు నడిపే మా అన్న ఆమెను నిఖా చేసుకుని తీసుకొచ్చాడు. వచ్చిన రోజే అమ్మీ పేరు మార్చేసింది. "గా పేరు నోరు తిరుగుతలేదు, సుమయ్యా అందాం," అంది. ఆమెను ఎవరూ అడగలేదు. అమ్మీ పుట్టిల్లు భువనగిరి వైపు కావడంతో మా ఇంట్లో దక్కనీ, తెలుగూ కలిసే నడుస్తాయి. ఆమె కూడా రెంటినీ కలిపే నేర్చుకుంది. చుట్టాలొస్తే "జెద్దా నుంచి తెచ్చిన కోడలు" అని చెబుతుంది అమ్మీ. అక్కడ ఏం పని చేసిందో మాత్రం చెప్పదు, పరువు పోతుందని. జెద్దాలో ఏ పని చేసినందుకు పరువు పోతుందో అదే పని ఇక్కడ పొద్దున లేచింది మొదలు చేస్తుంటే ఎవరి పరువూ పోవడం లేదు. అక్కడైతే నెల తిరిగేసరికి జీతం వచ్చేది.

నా సంగతి మాత్రం ఏం గొప్ప. చెయ్యి చేసుకునే మొగుడి నుంచి నేనే అడిగి ఖులా, అంటే విడాకులు, తీసుకుని, అతనివ్వాల్సిన మెహర్ సొమ్ము కూడా వదులుకుని పుట్టింటికి వచ్చాను. చాంద్రాయణగుట్టలో ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెబుతాను. నా జీతం కరెంటుకూ, గ్యాసుకూ పోతుంది. "నీకేం ఖర్చులున్నయి?" అంటారు. మా అబ్బా అబ్దుల్ వాహెద్ పక్షవాతంతో మంచాన పడితే ఒళ్లు తుడిచిందీ, పక్క మార్చిందీ, ముద్ద కలిపి నోట్లో పెట్టిందీ నేను. కొడుకులు గుమ్మంలో నిలబడి "కైసే హై అబ్బా" అని అడిగి పోయేవాళ్లు. అబ్బా పోయిన రోజు మాత్రం జనమంతా వాళ్లనే కౌగిలించుకుని ఓదార్చారు. నేను వెనక గదిలో వచ్చినవాళ్లకు చాయ్ పెడుతున్నాను.

మర్నాడు డాబా మీద భాభీ బట్టలు ఆరేస్తుంటే నేను వెళ్లి బకెట్ అందుకున్నాను. మా అన్న చెప్పమన్నది చెప్పాను. ఆమె తడి దుప్పటి రెండో కొస నా చేతికిచ్చింది. ఇద్దరం పిండాము.

"ఆ పొలం ఎట్ల వచ్చిందో నీకు ఎరికేనా కుబ్రా?" అంది. "జెద్దా జీతం. ఆ ఇంటామె కొట్టింది, తిట్టింది. నేను జీతం అమ్మకు పంపిన. అమ్మ పొలం కొన్నది, నా పేరు మీద."

"మీ అమ్మ తన పేరు మీద పెట్టుకోలేదా?"

"ఎందుకు పెట్టుకుంటది? ఆమెకు ఆమె పొలం ఉంది. వాళ్ల అమ్మ ఇచ్చింది. పెండ్లి అయినా అది ఆమెదే, మా నాయిన అడగలే."

దుప్పటి తీగ మీద వేస్తూ తన ఊరి గురించి చెప్పుకొచ్చింది. వరుసగా పెంకుటిళ్లు, వాటి వెనకాల వాననీళ్లతో నిండిన మళ్లు. నాట్లకు ఆడవాళ్లే దిగుతారట. ఆమె పొలం ఇప్పుడు అక్క చేస్తోంది, పంటలో సగం అక్కది, సగం ఈమె పేరున దాస్తారు. మొగుడూపెళ్లాం కలిసి సంపాదించింది ఇద్దరిదట, విడిపోతే పంచుకుంటారట. "మా ఊరు మంచి ఊరు అంటలేను," అంది. "నీళ్లు వస్తే ఇల్లు మునుగుతది. పేదోళ్లు శానా మంది. మొగోళ్లు తాగుతరు, కొడతరు. గానీ భూమి ఆడోళ్లకు కూడా ఉంటది. అమ్మ చచ్చిపోతే అన్నకు, అక్కకు, నాకు, చెల్లికి పంచినరు. ఇల్లు చెల్లికి ఇచ్చినరు."

"చెల్లికే ఎందుకు?"

"అమ్మను చూసుకున్నది కదా," అంది, ఇందులో అడగడానికి ఏముందన్నట్టు.

నేను కిందికి దిగి వచ్చాను గానీ ఆ మాట నన్ను వదల్లేదు. ఏ దేశమో, ఏ ఊరో, అక్కడి రైతులకు ఇంత మామూలుగా తోచిన సంగతి నా సొంత ఇంట్లో ఒక్కరికీ తోచలేదే అని ఒళ్లు మండింది. వాళ్లకు తోచకపోతే పోయింది, మా దీన్‌లోనే, ఖురాన్‌లోనే కూతురికి హిస్సా, ఆస్తిలో వాటా, రాసి వుంది కదా. నమాజుకు అజాన్ వినగానే పరిగెత్తే ఈ మగవాళ్లకు ఆ ఒక్క మాట ఎందుకు వినపడదు? "ఇల్లు నీదే, ఎవరు పొమ్మన్నరు నిన్ను?" అంటాడు తౌఫీఖ్ భాయ్ ఎప్పుడూ. అడగనంత వరకే అది నాది. అడిగిన మరుక్షణం నేను అన్నదమ్ముల నోటికాడి కూడు లాక్కునే మనిషిని.

ఆదివారం భోజనాలయ్యాక కింద పరిచిన దస్తర్‌ఖాన్ గుడ్డ ఎత్తేసి అందరం కూర్చున్నాం. నవీద్ కాగితాలు తెచ్చాడు. అబ్బా ఇంట్లో మాకు హక్కేమీ వద్దని అమ్మీ వేలిముద్ర, నేను సంతకం పెట్టాలి.

తౌఫీఖ్ భాయ్ ముందు భార్యను అడిగాడు. "కుబ్రా చెప్పింది కదా. ఎప్పుడు అమ్ముతున్నవు?"

"అమ్మను," అంది భాభీ.

"ఏంది?"

"నా పొలం నేను అమ్మను."

అతని ముఖం నల్లబడింది. "జెద్దాల పరాయి బాత్రూంలు కడిగేదానివి. ఇంటిదాన్ని చేసి తెచ్చుకున్న. మియా బీవీల నాది నీది అని ఉంటదా?"

"ఉండదా? అయితే కొత్త ఇంటి మీద నా పేరు రాయండి."

అతను నాకేసి తిరిగాడు, ఈ విషమంతా నేనే ఎక్కించానన్నట్టు. నవీద్ తొందరగా కాగితాలు నా ముందుకు జరిపాడు. "భాభీ సంగతి తర్వాత చూద్దాం. ఆపా, నువ్వు దస్కత్ చెయ్యి."

కలం తీసుకున్నాను. అబ్బా పేరు కింద వారసులంటూ అందరి పేర్లూ వున్నాయి. కూతురు కుబ్రా, తన ఇష్టపూర్వకంగా, అని రాశారు. నా ఇష్టం ఏమిటో ఈ ఇంట్లో నన్నెవరైనా అడిగి ఎన్నేళ్లయింది? కలం మూత పెట్టి కాగితాల మీద వుంచాను.

"నేను పెట్టను. అబ్బా ఇంట్ల నా హిస్సా నాకు కావాలె."

"అక్కచెల్లెండ్లు హిస్సా అడుగుతరా?" అన్నాడు తౌఫీఖ్ భాయ్. "నలుగురిల తలెత్తుకోనిస్తవా మమ్మల్ని? రేపు నీకేమన్న అయితే ఎవరు చూస్తరు?"

"అబ్బాకు అయినప్పుడు ఎవరు చూసిన్రు భాయ్?"

తౌఫీఖ్ భాయ్ అమ్మీ వైపు తిరిగాడు. "జర నువ్వైనా చెప్పు అమ్మీ దీనికి. ముందు నువ్వు పెట్టు, అదే పెడతది."

అమ్మీ కాగితం అందుకుంది. నన్ను తిడుతుందని అనుకున్నాను. పెళ్లయిన నాటి నుంచి ఆ ఇంటి పొయ్యి ముందు కూర్చున్న మనిషి, మొగుడి మాటకూ, ఆ తర్వాత కొడుకుల మాటకూ ఎన్నడూ ఎదురు చెప్పని మనిషి, దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. ఆమెకు చదువు రాదు. తన పేరు ఎక్కడుందో చూపించమంది. నేను వేలు పెట్టి చూపించాను. ఆ అక్షరాల మీద చెయ్యి ఆనించి, కొడుకుల వైపు చూడకుండా, మెల్లగా అడిగింది.

"కుబ్రా, నాకు సుత హిస్సా ఉంటదా?"

"ఉంటది అమ్మీ," అన్నాను. "కొడుకుల కంటే ముందు నీదే తీయాలె."

అమ్మీ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి తన కుర్తా జేబులో వేసుకుంది.