పిడకల రాత

హన్మవ్వకు కోపం వస్తే గోడ మీద పిడకలు గట్టిగా పడేవి. ఆ ఎండాకాలమంతా బోధన్‌లో ఆ వీధిన పోయేవాళ్లకు ధబ్బు ధబ్బుమనే చప్పుడు వినిపిస్తూనే ఉంది.

కారణం గిర్దావరు సాబు. రెవెన్యూ ఉద్యోగి, హైదరాబాదు నుంచి బదిలీ మీద వచ్చాడు. ఆయనగారి స్నానానికి నీళ్లు కాగాలంటే పిడకలు కావాలి. పైసలిచ్చి కొనడం ఆయన వంశంలోనే లేదు. సంత రోజు పొద్దున్నే నౌకరు నెత్తిన ఖాళీ గంప పెట్టించుకొని వచ్చేవాడు, ఎండిన పిడకలన్నీ వెట్టి కింద పట్టించుకుపోయేవాడు. పచ్చివి మాత్రం హన్మవ్వకే వదిలేసేవాడు, ఎంత దయ! ఆ పచ్చి పిడకలతో పొయ్యి రాజేసి ఆమె కళ్లనీళ్లు పెట్టుకునేది. పొగ వల్ల అనుకునేరు, కాదు. ఉక్రోషం.

ఆమె పిడకలు కొట్టే గోడ ఆత్మారాం ఇంటిది. ఆత్మారాం కొత్త చక్కెర కార్ఖానాలో గుమాస్తా. పత్రికలు చదివి చదివి ఆవేశం తలకెక్కినవాడు.

"హన్మవ్వా, వెట్టి మీద గీ గోడకు పెద్ద బొమ్మ ఏపిస్త. చెరుకు బండ్లోల్లు గూడ బండ్లాపి సూడాలె!" అన్నాడు.

"మరి నా పిడ్కలు యాడ కొట్టాలె? నీ నెత్తి మీదనా?"

ఆ ప్రశ్నకు జవాబు దొరక్కముందే ఆత్మారాం బొమ్మలు వేసే లింబయ్యను పిలుచుకొచ్చాడు. లింబయ్య పెళ్లిళ్లకు ఇంటి గోడల మీద చిలకలు, ఏనుగులు వేసేవాడు. గిర్దావరు గంప గుంజుకుంటున్నట్టు వెయ్యమంటే, ఎర్రటి జాజు రంగులో కుంచె ముంచి ముంచి గోడ ఒక చివర అద్భుతమైన ఏనుగును నిలబెట్టాడు.

"గిర్దావరు ఏడి?" అన్నాడు ఆత్మారాం.

"గిదే. తొండం తీసేస్తే అయితడు."

ఆత్మారాం తల పట్టుకున్నాడు. తర్వాత ఆలోచిస్తే ఇంకో చిక్కు తోచింది. గిర్దావరు మొహం పోలిక కుదిరితే కొంప మునుగుతుంది. అందుకని మొహం వద్దన్నాడు, వీపు చాలన్నాడు. కాసేపాగి వీపు కూడా ఎందుకు, బూట్లు వెయ్యమన్నాడు. మధ్యాహ్నానికి బూట్లూ పోయాయి. ఉత్త బోర్లించిన గంప బొమ్మ, దాని కింద ఒక వాక్యం, వెయ్యడానికి అంతే మిగిలాయి. ఆ గంపకు కూడా రంగు లేదు. తెచ్చిన జాజంతా ఏనుగు తాగేసింది.

ఇదంతా చూస్తూ కూర్చున్న హన్మవ్వ లేచి కొంగు దోపుకుంది.

"రంగు లేకుంటే ఏంది, పేడ లేదా? గీత నువ్వు గియ్యి, పిడ్కలు నేను కొడ్త. నీ బొమ్మ నీకైతది, నా పిడ్కలు నాకైతయి."

ఆత్మారాంకు ఇంతటి ఆలోచన తనకెందుకు రాలేదా అని కొంచెం కుళ్లు పుట్టింది. అయినా సుద్దముక్కతో గంప గీశాడు, కింద మూరెడెత్తు అక్షరాలు రాశాడు. హన్మవ్వ గంప దాకా చకచకా కొట్టుకొచ్చి, అక్షరాల దగ్గర ఆగిపోయింది.

"గిదేంది?"

"'వె'. నువ్వు కొట్టవ్వా, అయినంక సదివి ఇనిపిస్త."

"ఏం కొడ్తున్ననో తెల్వకుంట కొట్ట. నన్నే తిట్టి రాస్తే నాకేం ఎరుక?"

అక్షరం చెప్తేనే పిడక, లేకపోతే లేదు. ఆత్మారాం గొంతు బొంగురుపోయింది. పొద్దుగూకేసరికి హన్మవ్వ పేడ వేలితో ఒక్కో అక్షరం తడిమి, వాక్యమంతా తానే గొణుక్కుంటూ ఇంటికి పోయింది.

సంత రోజు వచ్చింది. గోడ ముందు జనం కిక్కిరిశారు. బండ్లు నిజంగానే ఆగాయి. ఆత్మారాం జబ్బలు చరుచుకుంటుండగా గిర్దావరు సాబు రానే వచ్చాడు. ఏనుగును చూసి మురిసిపోయాడు. గంపను చూసి మెచ్చుకున్నాడు. అక్షరాల ముందు నిలబడి గడ్డం గోక్కున్నాడు. ఇన్నాళ్లూ చేసిన ఆలోచనలో ఒక్క సంగతి ఎవరికీ తట్టలేదు. సాబుకు ఉర్దూ తప్ప ఇంకో లిపి రాదు!

"ఏం రాసిండ్రు ఇది? చదువుండ్రి," అన్నాడాయన.

చిత్రం, ఊళ్లో చదువుకున్నవాళ్లంతా ఒక్కసారిగా అక్షరాలు మరిచిపోయారు. పట్వారీ రాజనర్సు కళ్లకు పొర కమ్మిందన్నాడు. రామాయణం వినిపించే రామస్వామికి ఉన్నట్టుండి దగ్గొచ్చింది. ఆత్మారాం అయితే మొహం మీదున్న కళ్లద్దాల కోసం జేబులన్నీ వెతుక్కున్నాడు. సిగ్గు లేని మనుషులు!

ఇవాళ ఈ గంప నిండితే ఇక జన్మంతా నిండుతూనే ఉంటుందని హన్మవ్వకు తెలుసు. ముందుకొచ్చి, గోడ మీద వేలు పెట్టి, గట్టిగా చదివింది.

"వె...ట్టి...కి. పి...డ...క...లు. ఇ...య్య...ము."

ఎద్దులు కూడా నెమరు ఆపాయి. గిర్దావరు మొహం కందగడ్డ అయింది. వెనకాల బండ్లవాళ్లు ఒక్కరొక్కరే కిందికి దిగి వచ్చి హన్మవ్వ పక్కన నిలబడ్డారు. సాబు వాళ్లను చూశాడు, నౌకరు నెత్తి మీది ఖాళీ గంపను చూశాడు.

"నీకు చదువు వస్తదా?" అన్నాడు చివరికి, గొంతు తగ్గించి.

"రాదు దొరా," అంది హన్మవ్వ. "గిదొక్కటే వస్తది."