ఐదో విస్తరి

మా సూపర్‌హీరో కామిక్‌కి కథ నాది, బొమ్మలు ఇంద్రజవి. గోదావరి వరదల్లో లంక గ్రామాల్ని కాపాడే ఐదుగురి జట్టు అది. మొదటి పేజీలో ఐదుగురూ ఒరేయ్, ఒసేయ్ అనుకుంటూ ఒకే బంతిలో భోంచేస్తారు. ఆఖర్న వాళ్లలో ఒకడు శత్రువుకి అమ్ముడుపోతాడు.

"నాయకురాలు వాడి దవడ పగలగొడుతుంది" అని రాసిచ్చాను.

ఇంద్రజ గుద్దు గీయలేదు. మళ్లీ అదే బంతి గీసింది. నాయకురాలు ఆ ద్రోహి విస్తట్లో ముద్దపప్పు వడ్డిస్తూ, "తినండి, చల్లారిపోతుంది" అంటోంది.

నాకు ఒళ్లు మండిపోయింది. "ఇదేం శిక్షే తల్లీ?" అని అరిచాను.

ఇంద్రజ చివరి బొమ్మ నా ముందుకి తోసింది. వాడు ముద్ద కలిపాడు. చెయ్యి నోటిదాకా వెళ్లడం లేదు.

నాకు పొగడ్డం చేతకాదు. నేను రాసిన పేజీ చింపేశాను.