బూర ఆగితే తాగాలి

మోసెల్ నది ఒడ్డున ఆ ఊళ్ళో వైన్ ముట్టనివాణ్ణి జబ్బుమనిషి అంటారు, మితిమీరి తాగేవాణ్ణి సరదామనిషి అంటారు. గెర్నోట్ ముప్పై ఏళ్ళుగా సరదామనిషి. ఊరి బ్యాండులో అన్నిటికన్నా పెద్ద ఇత్తడి బూర ఆయనదే. మొన్న క్రిస్మస్ నాడు మూణ్ణెల్ల మనవరాలిని ఎత్తుకుని, ఆ సరదాలోనే తూలి క్రిస్మస్ చెట్టు మీద పడ్డాడు. పడేలోపు కూతురు ఉల్రికె పిల్లను లాక్కుంది కాబట్టి సరిపోయింది.

"ఈస్టరుకి పాపకి బాప్తిస్మం," అంది ఉల్రికె. "అప్పటికి నలభై రోజులు చుక్క ముట్టకుండా ఉంటే నీ చేతికిస్తాను. లేదంటే వచ్చి వెనక బెంచీలో కూచో. నువ్వు ఒక్కడివీ మానలేవు నాన్నా. అలాంటివాళ్ళ గుంపులు ఉంటాయట, వెతుక్కో."

ఆ దేశంలో మనిషి ఏది వెతకాలన్నా ముందు ఆఫీసుకే వెళతాడు. గెర్నోట్ ఊరి ఆఫీసు కౌంటరు దగ్గర గొంతు బాగా తగ్గించి, తాగుడు మానేవాళ్ళు ఎక్కడ కలుస్తారని అడిగాడు. గుమస్తా హిల్ట్రూడ్‌కి చెవులు బాగానే వినిపిస్తాయి, గొంతు తగ్గించడమే చేతకాదు.

"తాగుడు మానే సంఘమా?" అంటూ రిజిస్టరు తిరగేసింది. "మేకల సంఘం ఉంది. పాత ట్రాక్టర్ల సంఘం ఉంది. ఇది లేదేమిటయ్యా? ఏమండీ, మీకెవరికైనా తెలుసా?"

వరసలో నిలబడ్డ తొమ్మిదిమందికీ తెలుసు. గురువారం సాయంత్రం, వైన్ సహకార సంఘంవాళ్ళు సరుకు రుచి చూపించే గదిలో.

"ఊళ్ళో వెచ్చగా, ఖాళీగా ఉండేది ఆ గదేగా పాపం," అంది రొట్టెల దుకాణం ఆవిడ. "పదేళ్ళయింది మొదలెట్టి. పేర్లు మాత్రం రహస్యం." ఆ తరవాత పేర్లన్నీ చెప్పింది.

హిల్ట్రూడ్‌కి మనసు కుదుటపడలేదు. పదేళ్ళ సంఘం రిజిస్టరులో లేకపోవడమంటే ఆవిడకి ఇంట్లో పాము దూరినట్టే. గెర్నోట్ గడప దాటకముందే నమోదు చేసేసింది.

ఆ గదిలో మూడు గోడలకీ పీపాలు. మధ్యలో ఏడుగురు టీ తాగుతున్నారు. పెద్ద దిక్కు ఆడెల్‌హైట్, ఒకప్పుడు ఇంటింటికీ ఉత్తరాలు పంచిన మనిషి. "ఇక్కడ కూచుని తాగకుండా ఉంటే ఎక్కడైనా ఉండగలవు, కూచో," అంది. గెర్నోట్ కూచున్నాడు. ప్రతి గురువారం వచ్చి కూచున్నాడు. ఊరంతా ఈస్టరు ముందు ఉపవాసకాలమని చాక్లెట్లు మానేసి, ఆ బెంగతో రెండు గ్లాసులు ఎక్కువ తాగుతున్న రోజులవి.

ముప్పయ్యో రోజు సాయంత్రం మేయరు బుర్క్‌హార్ట్ ఆరు సీసాల పెట్టెతో గదిలోకి వచ్చాడు. రిజిస్టరుకెక్కి పదేళ్ళు నిండిన ఏ సంఘానికైనా ఊరి తరఫున సన్మానం, ఆరు సీసాల వైను, మేయరు స్వయంగా పోసే గ్లాసు. తాతల నాటి ఆచారం.

"మేయరు గారూ, మాది ఏ సంఘమో తమకి తెలుసు కదా?" అంది ఆడెల్‌హైట్.

"తెలుసండీ. అందుకే సగమే పోస్తున్నాను."

చెత్తడబ్బా రంగు మీద కోర్టుకెక్కే జనం, మేయరు పోసిన గ్లాసు మాత్రం కాదనలేరు. ఎనిమిది గ్లాసులు ఎనిమిది చేతుల్లోకి వచ్చాయి, తొమ్మిదోది మేయరు తనకి పోసుకున్నాడు. ఆ వాసనకి గెర్నోట్‌కి తాగాలనిపించింది, ఏడుపొచ్చేంతగా. పక్కన ఆడెల్‌హైట్ గ్లాసుని చెయ్యి చాచి వీలైనంత దూరంగా పట్టుకుంది.

"సన్మానం పాట ఉండాలే," అని మేయరు చుట్టూ చూశాడు. "గెర్నోట్, నీ బూర ఇక్కడే ఉందిగా, అందుకో."

బ్యాండు సాధన చేసేదీ ఆ గదిలోనే. పాట అయ్యేదాకా గ్లాసు ఎత్తి పట్టుకోవాలి, అవగానే అందరూ ఒక్కసారి తాగాలి. పాట మధ్యలో పెదవి తడపడం మహా మర్యాదతక్కువ.

గెర్నోట్ గ్లాసు బల్ల మీద పెట్టి బూర అందుకున్నాడు. పాట చివరి వరసకి వచ్చింది. మేయరు గ్లాసు నోటి దాకా తెచ్చాడు. గెర్నోట్ ఆపకుండా మళ్ళీ మొదటి వరస ఎత్తుకున్నాడు.

నాలుగోసారికి మేయరు నవ్వు తగ్గింది. తొమ్మిదోసారికి చెయ్యి మార్చాడు. పదిహేనోసారికి గడియారం చూసుకున్నాడు. ఆరున్నరకి మేకల సంఘంవాళ్ళ డెబ్భై అయిదో ఏటి వేడుక. ఆ దేశంలో తాగకపోవడం తప్పే గానీ, ఆలస్యంగా వెళ్ళడం అంతకన్నా పెద్ద తప్పు. మేయరు గ్లాసు అలాగే దించి, తల వంచి సెలవు తీసుకుని వెళ్ళిపోయాడు.

ఆడెల్‌హైట్ గ్లాసులన్నీ గది మూల తొట్టిలో వంపేసింది. కళ్ళు మూసుకున్న గెర్నోట్ ఇంకా ఊదుతూనే ఉన్నాడు.

తలుపు దభాలున తెరుచుకుంది. ఉల్రికె, భుజాన పాప. బూర మోత వీధిలోకి వినబడి పరిగెత్తుకొచ్చింది. నాన్న ఇలా ఆపకుండా వాయించడం ఆమె ఎరుగును. ఒళ్ళు తెలియని రోజుల్లోనే వాయించేవాడు.

"పది రోజులు ఆగలేకపోయావా నాన్నా?"

గెర్నోట్ బూర దించాడు. పెదాలు వాచిపోయి మాట రావడం లేదు. ఉల్రికె గది నిండా ఉన్న వైను వాసన పీల్చింది, తొట్టి పక్కన గ్లాసులు చూసింది. దగ్గరకొచ్చి, వాళ్ళమ్మ బతికున్నన్నాళ్ళూ చేసినట్టే, ఆయన నోరు వాసన చూసింది.

ఉత్త టీ వాసన.

"ఇంకా పది రోజులున్నాయి కదా," అన్నాడు గెర్నోట్ ఎలాగో.

"నాకు చేతులు లాగేస్తున్నాయి. కాస్త పట్టుకో," అంది ఉల్రికె.

గెర్నోట్ ముందుగా కుర్చీలో కూచున్నాడు. వెన్ను గట్టిగా ఆనించుకున్నాడు. అప్పుడు చేతులు చాచాడు.