నా కంటి మీది కుంకుమ

నేను ఒక వెబ్ కెమెరాను. బొటనవేలంత దేహం, కందిగింజంత కన్ను, దాని పక్కన చీమ తలంత చెవి. ఏదో దేశపు కర్మాగారంలో కన్ను తెరిచినప్పుడు తెల్లని చేతితొడుగులు తప్ప మరేమీ కనిపించలేదు. తనను చేసినవాణ్ణి చూడని విషయంలో మనిషికీ నాకూ పెద్ద తేడా లేదు.

మొదట ఒక లెక్కల మాస్టారి ఇంట్లో ఉన్నాను. కరోనా రోజులవి. ఆయన నా కంట్లోకి చూస్తూ ప్రాణం పెట్టి పాఠం చెప్పేవారు. అవతల పిల్లలు తమ కెమెరాలు ఆపేసి హాయిగా నిద్రపోయేవారు. బడులు తెరిచాక నన్ను అమ్మేశారు. పాలకొల్లులో ఒక పాత కంప్యూటర్ల కొట్టు నుంచి హైమ చేతికి వచ్చాను.

హైమ ఇంటిపట్టునే ఉండి వెబ్‌సైట్లు తయారు చేయడం నేర్చుకుంది. పని ఇచ్చేవాళ్లూ చేసేవాళ్లూ కలిసే సంత ఒకటి ఇంటర్నెట్‌లో ఉందట. నేను తెర నెత్తిన కూర్చుంటాను కనుక ఆ సంతను ఎన్నడూ చూడలేదు. హైమ ముఖంలోనే చూశాను. దరఖాస్తు పంపినప్పుడు ఆ ముఖం వెలిగేది. జవాబు రాక మెల్లగా వాడిపోయేది. ఇదివరకు చేసిన పనికి స్టార్లు ఉన్నవాళ్లకే అక్కడ పని ఇస్తారు. పని చేస్తేగాని స్టార్లు రావు. పిచ్చి కుదిరితేగాని పెళ్లి కాదు, పెళ్లయితేగాని పిచ్చి కుదరదు!

"దసరా దాకా చూడు. తర్వాత భీమవరం బట్టల షాపులో కౌంటరు పనికి వెళ్లు, మాట్లాడేశాను" అన్నాడు ఆమె భర్త.

మహర్నవమి వచ్చింది. హైమ అత్తగారు శేషారత్నం కత్తిపీటకీ, కొడుకు బండికీ బొట్లు పెట్టి నా దగ్గరకు వచ్చింది. కన్నున్న వస్తువుకు కన్నే ముఖ్యమనుకుందో ఏమో, గంధమూ కుంకుమా సరిగ్గా దాని మీదే అద్దింది. లోకమంతా సూర్యోదయమైపోయింది.

ఆ మధ్యాహ్నమే పిలుపు వచ్చింది. ఎక్కడో చలిదేశంలో తేనె అమ్మే పెద్దాయనట, తన దుకాణం వెబ్‌సైటు బాగుచేయించాలట. ఇంతకుముందు ఎవరో వేరొకరి ఫోటో పెట్టి ఆయన్ని మోసం చేశారట. అందుకే ముఖం చూసి మాట్లాడాలన్నాడు, అదీ ఇప్పుడే.

"ఇవాళ ముట్టుకోకూడదే అమ్మాయ్. రేపు ఉద్వాసన చెప్పాక మాట్లాడమను."

"రేపటికి ఇంకొకరికి ఇచ్చేస్తాడు అత్తయ్యగారూ!"

శేషారత్నం మెత్తబడింది. "పనిముట్టుకి పూజ చేసి, గుమ్మంలోకొచ్చిన పనిని పొమ్మంటే అమ్మవారు మెచ్చుతుందా? ఏమో తల్లీ... మాట్లాడు."

అవతలి గొంతు నా కింద తెర వైపు నుంచి వినిపించింది. అంతా ఎర్రగా ఉంది, మనిషి కనబడటం లేదంది. హైమ పైటకొంగుతో నా కన్ను తుడవబోయింది.

"ఆగవే! పండగపూట బొట్టు చెరుపుతావా?"

కొంగు గాలిలో ఆగిపోయింది. అవతలి గొంతు బిగుసుకుంది. ముఖం చూపించకపోతే సెలవంది.

అప్పుడు శేషారత్నం ఉంగరపు వేలు నా మీదికి కొండలా వచ్చింది. కుంకుమంతా ఒత్తి తీసుకుని వెళ్లి హైమ నుదుట దిద్దింది.

"చెరపలేదు, చోటు మార్చానంతే. అమ్మవారు ఏమీ అనుకోదులే."

ఎర్రతెర తొలగింది. హైమ నుదుట నిగనిగలాడే బొట్టు, ముక్కు మీద రాలిన కుంకుమ, భుజం పక్కనుంచి తొంగిచూస్తున్న అత్తగారు. ఆవిడెవరని పెద్దాయన అడిగాడు. హైమ తనకు వచ్చిన ఇంగ్లీషులో పండగ సంగతీ బొట్టు సంగతీ చెప్పింది. అటునుంచి పెద్ద నవ్వు. మోసగాళ్లను చూశాను గానీ అత్తగారిని వెంటబెట్టుకొచ్చిన మోసగాణ్ణి ఎక్కడా చూడలేదన్నాడు. పని ఇచ్చాడు.

"ఏమంటాడే?"

"పాస్‌వర్డ్ పంపించాడండి. అంటే ఆయన దుకాణం తాళాలన్నమాట."

"తాళాలే! మన ఊరు తెలీదు, ఇంటిపేరు తెలీదు... ఎలా ఇచ్చేశాడే?" అంటూ శేషారత్నం కుర్చీలో కూలబడింది.

బట్టల షాపు మాట ఆ ఇంట్లో మళ్లీ వినలేదు. ఇప్పుడు హైమ కొన్న ల్యాప్‌టాప్‌కు సొంత కన్నుంది. నేను దేవుడి గదిని ఆనుకున్న బీరువా సొరుగులో, పాత చార్జర్ల మధ్య ఉన్నాను. పొద్దున్నే దీపం పెట్టి ఇంటిల్లిపాది పేర్లూ చెప్పుకున్నాక శేషారత్నం గొంతు కాస్త తగ్గుతుంది.

"ఆ తేనె బాబుని కూడా చల్లగా చూడు తల్లీ. పేరు నాకు నోరు తిరగదు. ఎవరో నీకు తెలుసుగా."