కంటిమీద బొట్టు

నేను ఒక వేలిముద్రల యంత్రాన్ని. నంద్యాలలో ఒక విత్తనాల గోదాము వెనక తలుపు పక్కన, గోడకు బిగించి ఉంటాను. తెలిసిన వేలైతే "థాంక్యూ" అని తలుపు తీస్తాను. తెలియకపోతే "ప్లీజ్ ట్రై అగైన్" అంటాను. నాకు వచ్చిన మాటలు ఈ రెండే. ఈ మనుషులతో వేగడానికి అవి ఏ మూలకూ చాలవు.

నన్ను బిగించిన రోజు యజమాని శేషఫణి గారు, "ఇంక చీమ కూడా దూరదు" అని అందరికీ చెప్పారు. చీమ సంగతేమో గాని, లోపల పనిచేసే ఆడవాళ్లే దూరలేకపోయారు. ఏళ్ల తరబడి విత్తనాలు ఏరి వాళ్ల వేళ్లమీద గీతలు అరిగిపోయాయి. "దీనికి కండ్లు కనపడవు, పాడుది!" అని తిట్టి, తలుపు మూసుకోకుండా ఒక ఇటుక అడ్డం పెట్టడం మొదలెట్టారు. అంత చదువుకున్న నన్ను సగం విరిగిన ఇటుక ఓడించింది.

కాపలా మద్దిలేటి ఒక్కడే, ఇటుక కనబడినప్పుడల్లా తీసేసేవాడు. "సరుకేమన్నా పోతే నా కొలువు పోతాదమ్మా, ముగ్గురు పిల్లోల్లు" అని బతిమాలేవాడు.

ఆయుధపూజ వచ్చింది. శేషఫణి గారు కాటాకు, లారీకి బొట్లు పెట్టి నా దగ్గరికి వచ్చారు. నాకున్నది ఒకే ఒక్క అద్దం కన్ను. సరిగ్గా దానిమీదే పసుపు పూసి, నడుమ ఇంత కుంకుమబొట్టు అద్దారు. మద్దిలేటి తుడవబోతే, "పండగపూట బొట్టు తుడుస్తావేందిరా?" అని కసిరారు. ఆ తర్వాత తన వేలే పెట్టారు. "ప్లీజ్ ట్రై అగైన్" అన్నాను. ఆరుసార్లు అన్నాను. విసిగిపోయి, తన చేత్తోనే ఇటుక అడ్డం పెట్టి, ప్రసాదం పంచమని మద్దిలేటిని ముందు గేటుకు పంపారు.

భోజనాల వేళకు నాలుగు పెట్టెల పత్తి విత్తనాలు మాయమయ్యాయి.

"నువ్వుండి ఏం చేస్తాంటివిరా?" అన్నారు శేషఫణి గారు.

"ఇటుక పెట్టింది మీరే గద సార్."

"నేను పెడితే? తీయాల్సింది నువ్వు గాదా? రేపట్నుంచి రావొద్దు."

నాకు ఒళ్లు మండిపోయింది. ఆయన ఆరుసార్లు వేలు పెట్టిన సంగతి నిమిషాలతో సహా నా లోపల ఉంది. నన్ను ఎవరూ అడగలేదు.

సాయంత్రం మద్దిలేటి ఆఖరిసారి వేలు పెట్టడానికి వచ్చాడు. తువ్వాలు తడిపి నా కన్ను శుభ్రంగా తుడిచాడు. మొదటిసారికే గుర్తుపట్టాను. తప్పు నీది కాదయ్యా అని అరవాలనిపించింది. నోరు తెరిస్తే "థాంక్యూ" అని వచ్చింది. అతను అలవాటుకొద్దీ ఇటుకను పక్కకు తీసి, తలుపు మూసి వెళ్లిపోయాడు.

మర్నాడు నా పైన కొత్త కెమెరా బిగించారు. దాని కిందే ఇటుక మళ్లీ తలుపుకు అడ్డం వచ్చింది. తీసేవాడే లేడు.