తెరిచి ఉంచిన కుళాయిలు

కుళాయి గొంతులో గాలి.

నీరు కాదు — గాలి. ఒక బుస... ఒక గురక... మళ్ళీ మౌనం.

శత్రుసేన నగరాన్ని చుట్టుముట్టి ఒక ఋతువు గడిచింది. పంచభూతాలలో నాలుగింటికి కొరత లేదు. కూలిన గోడల మన్ను. ఆరని నిప్పు. కప్పులు లేచిపోయిన గదులలోకి దిగివచ్చిన ఆకాశం. వాడవాడలా గాలి.

నీరే లేదు.

నగరానికి నీళ్ళు వదిలే వృద్ధుడు పొద్దున్నే వాల్వు తిప్పుతాడు. పంపుకు నూనె అయిపోయింది. ట్యాంకు అడుగున మిగిలినదే చివరి నీరు. అది పల్లపు వీధికి పరుగెడుతుంది, మెట్టవీధికి ఎక్కదు. మెట్టవీధిలో అతని ఇల్లు. ఇంట్లో భార్య, కోడలు, కోడలి ఒడిలో పసిబిడ్డ. తల్లికి పాలు ఇంకిపోయాయి. బిడ్డ ఏడుపు దారమంత సన్నబడింది.

"గాలి మాత్రం ధారాళంగా వదులుతున్నావు, పెద్దాయనా," అన్నాడు పక్కింటి దర్జీ. "దీనికీ పన్ను కట్టాలా?"

"నీళ్ళు కిందే ఆగిపోతున్నాయి నాయనా."

ఎందుకు ఆగుతున్నాయో అతనికి తెలుసు. వచ్చే చుక్క తప్పిపోరాదని అందరూ కుళాయిలు తిప్పి, కింద బిందెలు పెట్టి ఉంచారు. పల్లపు వీధి వారు అలాగే ఉంచి వెళ్ళిపోయారు. కొందరు నడిచి వెళ్ళారు. కొందరిని మోసుకుపోయారు. ఇప్పుడు ఎవరూ లేని ఇళ్ళలో నీరు తూటాలకు చిల్లులు పడిన బిందెల గుండా, గడపలు దాటి, బూడిదలో కలుస్తోంది.

ఆ కుళాయిలను కట్టేయాలి.

కానీ ఆ వాలు మీద తుపాకులు కన్ను వేసి ఉంటాయి. పొగమంచు కమ్మినప్పుడే దిగగలరు.

ఆ ఉదయం పొగమంచు కమ్మింది. వాల్వు తిప్పి, అతడు దిగాడు. భార్య వెంట నడిచింది.

ఒక్కొక్క ఇల్లు. ఒక్కొక్క కుళాయి. కట్టిన ప్రతిచోటా — ఈ ఇంటికి ఇక ఎవరూ రారని తానే తీర్పు చెప్పినట్టు — అతని చేయి కాసేపు ఆగింది.

చివరి ఇల్లు కూతురిది. ఎటు పోయిందో కబురు లేని కూతురిది.

"ఇది వద్దండీ," అంది భార్య. "పిల్ల దాహంతో వస్తుంది."

"వస్తే తిప్పుకుంటుందిలే."

"మనమే కట్టేశామని తెలిసిపోదూ?"

లోపల ధార... నిర్మలంగా, నిర్దయగా.

ఆమె గడపలో కూర్చుంది. నీరు పాదాల మీదుగా పోతోంది. మనవడి పెదవులు గుర్తొచ్చాయి. కూతురి పెదవులు గుర్తొచ్చాయి. నీరు పోతూనే ఉంది. చాలాసేపు.

చివరకు తానే లేచింది. తానే కట్టింది.

ఇక్కడి బిందెకు మాత్రం చిల్లు లేదు. నిండిన ఆ బిందె మీద అతడు చేయి వేశాడు.

"అది పిల్లకు ఉండనివ్వండి. అన్నీ కట్టాం కదా, మనకు ఇంటికే వస్తాయి."

అతడు చేయి తీశాడు.

మెట్ట ఎక్కేసరికి మంచు విడిపోయింది. వెనుక వాలంతా ఎండ — దాక్కునేందుకు నీడైనా లేని ఎండ.

కోడలు కుళాయికి చెవి ఆనించి ఉంది. బిడ్డ ఏడవడం లేదు.

"వస్తున్నట్టుంది కదూ, మామయ్యా?"

ఆ ధ్వని అతనికి తెలుసు. అడుగంటిన ట్యాంకు ధ్వని.

భార్య అతని ముఖం చూసింది.

"బిందె కుళాయి కిందే ఉంచమ్మా," అన్నాడు కోడలితో.

ఒక బుస... ఒక గురక...