ఎదురెదురు పెట్టెలు

చలికాలం ఇంకా గుమ్మం దాకా రాని రోజుల్లో ఆ ఊరి సముద్రతీరం సగం దించిన షట్టరులా ఉంటుంది. ఎండ ఉంటుంది, వేడి ఉండదు. ఐస్‌క్రీం బండి ఉంటుంది, దాని చుట్టూ పిల్లలుండరు. పైఊళ్ల జనం పెట్టెలు సర్దుకుని వెళ్లిపోయాక, అప్పుడు బయటికొస్తారు ఊళ్లో వాళ్లు. వేసవంతా ఇతరుల సరదాలకు చాకిరీ చేసినవాళ్లు, స్వెట్టర్లు తొడుక్కుని, తమ సముద్రాన్ని తాము చూసుకోవడానికి వస్తారు.

అతను ఆ తీరంలో జెయింట్ వీల్ నడిపేవాడు. అతని భార్య, వీల్ మీంచి చూస్తే కనిపించే ఉప్పునీటి కొలనులో పిల్లలకు ఈత నేర్పేది. కొలనుకు పైకప్పు లేదు. చలి దగ్గరపడగానే నీళ్లు తోడేస్తారు. మళ్లీ ఎండలు ముదిరేదాకా ఆమెకు పని ఉండదు. ఇంట్లో కూర్చుని కిటికీ అద్దాలు తుడుస్తూ ఉంటుంది. తుడిచిన అద్దాన్నే మళ్లీ తుడుస్తుంది.

ఈసారి ఆమెకు కబురొచ్చింది. సముద్రానికి దూరంగా ఉన్న ఒక పట్నంలో కొత్తగా కట్టిన వేడినీళ్ల కొలను. ఏడాది పొడుగునా పని. ఆ పక్కనే బస్సుల గ్యారేజీ, అందులో మెకానిక్కు ఖాళీ. ఆమె ఏదీ దాచలేదు. భోజనాల దగ్గర అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెప్పింది: సోమవారం లోపు జవాబివ్వాలి, ఇద్దరం వెళ్దామా, వద్దా?

"చూద్దాం," అన్నాడతను.

ఆ మాట అతనికి తువ్వాలు లాంటిది. ఎప్పుడూ భుజం మీద ఉంటుంది. నీళ్ల పంపు కారినా చూద్దాం, బావమరిది పెళ్లికి రమ్మన్నా చూద్దాం. ఆమె కోప్పడలేదు. కంచం తీస్తూ, ఇన్నేళ్లలో మనం ఒక్కసారీ సరదాగా తిరగలేదు, చలి వచ్చేలోపు ఈ మూడు రోజులూ తిరుగుదాం అంది. ఆ తిరుగుళ్లలో ఎక్కడో ఒకచోట మీ మనసులో ఉన్నది చెప్పండి, అదీ షరతు అంది. ఈ రెండో మాట వినబడనట్టు అతను గుమ్మంలో చెప్పులు సరిచేశాడు.

మొదటి రోజు లాంచీ ఎక్కారు. రేవు చుట్టూ తిప్పి, దీపస్తంభం ఉన్న బండ దాకా తీసుకెళ్లి తీసుకొస్తుంది. లాంచీలో పట్టుమని పదిమంది లేరు. ఆమె గాలికి జుట్టు చేత్తో పట్టుకుని, ఆ పట్నంలో ఇళ్లు ఎలా ఉంటాయో, కొలను నీళ్లలోంచి ఆవిరి ఎలా లేస్తుందో చెబుతోంది. అతను ఇంజను చప్పుడు వింటున్నాడు. బేరింగు పోయింది దీనికి, అన్నాడు. ఆమె ఆగింది. కాసేపటికి అతను దీపస్తంభం గురించి ఒక జోకు వేశాడు: రాత్రంతా కళ్లార్పుతూనే ఉంటుంది పాపం, దానికి ఎవరూ పడరు. ఆమె నవ్వింది. నిజంగానే నవ్వింది. ఆ నవ్వు చూసి, గండం గడిచిందనుకున్నాడు.

రెండో రోజు అద్దాల ఇల్లు. పొట్టివాణ్ణి పొడుగ్గా, సన్నవాణ్ణి లావుగా చూపే అద్దాలు వరసగా ఉంటాయి. ఒక అద్దంలో ఇద్దరూ పీపాల్లా కనిపించారు. "ఇంత లావయ్యాక గ్యారేజీ వాళ్లు మిమ్మల్ని బస్సు కింద దూర్చలేరు," అందామె. ఆమె ఆ మాట ఆడుకుంటూనే విసిరింది, పట్టుకుంటాడేమోనని. అతను అద్దంలోని తన పొట్టను నిమురుకుంటూ, అందుకేగా ఈ ఊళ్లో చక్రమే నయం, అన్నాడు. అనగానే తెలిసింది, అది జోకు కాదని. ఆమెకీ తెలిసింది. కానీ అది జవాబూ కాదు. పెళ్లికి వెళుతూ పిల్లిని చంకన పెట్టుకున్నట్టు, ఇద్దరూ ఆ ప్రశ్నను మోసుకుంటూ అద్దం తర్వాత అద్దం దాటారు.

ఆ రాత్రి పడుకుని అతను తన లోపల వెతుక్కున్నాడు. వెళ్లడం తనకిష్టం లేదా అంటే, ఉంది. గ్యారేజీ అంటే భయమా అంటే, లేదు. మరేమిటి? చిన్నప్పుడు అమ్మానాన్నా మాట్లాడుకోని రోజుల్లో, ఆ ఇంట్లో ఎవరి పక్క మౌనం ఎక్కువైతే వాళ్ల పక్కన వెళ్లి కూర్చునేవాడు. ఎవరి పక్షమూ తీసుకోకుండా, కాసేపు ఇటు, కాసేపు అటు. ఇల్లు ఒరిగిపోకుండా తనే ఆపుతున్నానని ఆ వయసులో నమ్మకం. "నాకిది కావాలి" అని అతను ఒక్కసారైనా అని ఉంటే, ఏదో ఒక పక్క కుంగిపోయేది. ఆ భయానికి ఇప్పుడు నలభై దాటాయి. అది మాత్రం పెద్దదవలేదు. ఇంతదాకా తెలుసుకుని, తెలుసుకోవడమే ఒక పనయినట్టు, తృప్తిగా నిద్రపోయాడు.

మూడో రోజు ఆమె వీల్ ఎక్కుదామంది. సీజనుకి అదే ఆఖరి రోజు.

"మీరు రోజూ జనాన్ని పైకి పంపుతారు. నేనెప్పుడూ పైకి వెళ్లలేదు. పైన ఇంకెవరూ ఉండరుగా. అక్కడ చెప్పండి," అంది.

టికెట్ల గదిలో ఉండే ఆవిడకు తీరమంతా పెట్టిన పేరు రేడియో. వాళ్లిద్దర్నీ కలిసి రావడం చూసి ఆమె స్టేషను మార్చింది. "సూర్యుడు ఎటు పొడిచాడు తమ్ముడూ? పెళ్లాన్ని ఊరేగించడానికి ఇన్నేళ్లు ముహూర్తం చూశావా?" అని, టికెట్లేమీ ఇవ్వకుండా లోపలికి పొమ్మని చెయ్యి ఊపింది. మోటారు దగ్గర ఉన్నది అల్లుడు. ఎవరికీ అల్లుడు కాదు. కొత్తల్లుడు అత్తారింట్లో చేసేంత పనే చేస్తాడని ఆ పేరు. "రా వదినా, నీకోసం సీటు కూడా తుడిచాను, ఈ ఏడాదికి నేను చేసిన పని ఇదే," అన్నాడు.

వీల్ మొత్తం ఖాళీ. ఆమె పెట్టెలోకి ఎక్కి, ఒక పక్కకు జరిగింది. జరిగి, పక్కనున్న చోటు మీద అరచెయ్యి వేసి, రమ్మన్నట్టు చూసింది.

జనం పలచగా ఉన్నప్పుడు వీల్ నడిపేవాళ్లు ఒక పద్ధతి పాటిస్తారు. అందర్నీ ఒకే పక్క ఎక్కించరు. ఒక పెట్టె నింపితే, దాని ఎదుటి పెట్టె నింపుతారు. లేకపోతే బరువు ఒకవైపు లాగి చక్రం కుదుపుతుంది. ఆ పద్ధతి కోసం అతను ఎన్ని కుటుంబాలను విడదీసి కూర్చోబెట్టాడో లెక్కలేదు.

అతను అడ్డుకడ్డీ వేసి కొక్కెం తగిలించాడు. బయటినుంచి.

"నువ్వు కూర్చో. నేను అటు ఎక్కుతాను. ఖాళీ చక్రం కదా, బరువు సరిపోవాలి."

ఆమె చెయ్యి కాసేపు అక్కడే ఉంది. తర్వాత ఒళ్లోకి వచ్చింది. అల్లుడు ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. చక్రాన్ని సగం తిప్పి ఎదుటి పెట్టె కిందికి తెచ్చాడు. అతను ఎక్కాడు.

ఆమె పైనున్నప్పుడు అతను కింద, అతను పైకెళ్లినప్పుడు ఆమె కింద. మధ్యలో ఒక్కచోట ఇద్దరూ ఒకే ఎత్తుకు వచ్చేవారు. అప్పుడు చక్రమంత దూరం, మధ్యలో ఇనుపకమ్మీలు. ఆమె ఇటు చూడలేదు. ఊరిని చూస్తోంది. మొదటి చుట్టులో అతనికి కలిగినది హాయి. పరీక్ష వాయిదా పడిన పిల్లాడి హాయి. రెండో చుట్టులో పైకి వెళ్లినప్పుడు, కింద కొలను కనిపించింది. నీళ్లు తోడేశారు. నీలం నేల మీద ఎండుటాకులు ఒక మూలకు చేరి ఉన్నాయి. నిచ్చెన ఉత్త గాలిలోకి దిగుతోంది. ఎన్నో చలికాలాలు ఆమె చూసిందిదేనన్నమాట. తను తలచుకుంటే రోజూ పైకెక్కి చూడగలిగే చోట ఉండి, మోటారు వైపే చూస్తూ నిలబడ్డాడు.

అప్పుడు వచ్చింది ఆ మాట. వెతక్కుండానే, ముందే తయారై ఉన్నట్టు: "నేనూ వస్తాను." దిగగానే చెప్పాలనుకున్నాడు. ఎందుకో ఒళ్లు తేలికైంది. కమ్మీల మధ్యనుంచి ఆమె వైపు చెయ్యి ఊపాడు. ఆమె చూడలేదు.

ముందు ఆమె పెట్టె కిందికి వచ్చింది. అల్లుడు ఆమెను దించి, తర్వాత అతన్ని దించాడు. ఆమె రెయిలింగు దగ్గర కొంగు సర్దుకుంటూ నిలబడి ఉంది. ముఖం ప్రశాంతంగా ఉంది.

"ఊరంతా కనిపించింది," అంది. "నేను వెళ్తానండీ. ఒక్కదాన్నే. మీరు ఇక్కడే ఉండండి, మీ చక్రం దగ్గర."

నోట్లో ఉన్న మాట నోట్లోనే ఉంది. ఆమె గొంతులో బరువు ఒకవైపుకు వాలింది, వెంటనే అతను రెండో వైపుకు జరిగాడు, అంతే.

"నీ ఇష్టం," అన్నాడు.

ఆ క్షణంలో అది తనకు ఔదార్యంలా అనిపించింది. ఆమెను ఆపకుండా, ఆమెకు అడ్డం రాకుండా, భారం తనమీద వేసుకున్నట్టు. ఆమె తల ఊపి, రేడియోకి వెళ్లొస్తానని చెప్పి, అతనికంటే ఒకడుగు ముందు నడిచింది.

సోమవారం ఆమె బస్సెక్కింది. కిటికీలోంచి, గ్యాసు కట్టేశారా అని అడిగింది. కట్టేశానన్నాడు.

చలి దిగాక వీల్ పెట్టెలు విప్పి గోదాములో పెట్టాలి. అతను పైన బోల్టులు వదులు చేస్తుంటే, అల్లుడు కింద తాడు పట్టుకున్నాడు. చాలాసేపు తాడు గురించే మాట్లాడాడు. తర్వాత అన్నాడు:

"అన్నా, ఒకటి అడుగుతాను, తిట్టకు. ఆ రోజు వదినని ఒక్కదాన్నే ఎందుకు ఎక్కించావు?"

"బరువు."

"ఇద్దరికి బరువేంటన్నా? ఆ మోటారుకి మీ ఇద్దరూ రెండు ఈగలు. పది మంది దాకా ఎటు కూర్చున్నా చక్రం పట్టించుకోదని నాకు నేర్పింది నువ్వే."

అతను స్పానరు తిప్పడం ఆపాడు. నిజమే. నేర్పింది తనే. కడ్డీ బయటినుంచి వేస్తున్నప్పుడూ ఆ సంగతి తనకు తెలుసు. వేళ్లకు తెలుసు, కొక్కేనికి తెలుసు. ఆమె అరచెయ్యి వేసి చూపిన చోట కూర్చుంటే చెప్పాల్సి వస్తుందని, పనిలోంచి ఒక నియమాన్ని దొంగిలించి మధ్యలో పెట్టాడు. పొరపాటు అనుకుందామంటే, దానికి ఆ పేరు అతకలేదు.

కిందికి దిగి, చక్రం వెనక గాలి తగలనిచోట నిలబడి ఫోన్ చేశాడు. ఆమె వెంటనే ఎత్తింది. వెనక పిల్లల అరుపులు, నీళ్ల చప్పుడు, గోడలకు తగిలి మోగుతున్నాయి.

"చెప్పండి."

"ఆ గ్యారేజీ పని..." అన్నాడు. "నేను వద్దామని."

"మొన్ననే ఎవరో చేరారండీ," అంది. ఆ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేదనిపించింది. "అక్కడ చలి మొదలైందా?"

"మొదలైంది."

"స్వెట్టరు పైన బీరువాలో ఉంది. చూసుకోండి." ఎవరో పిల్లను, కాళ్లు ముందు, తల తర్వాత అని హెచ్చరించి, ఉంటానండీ అంది.

ఫోన్ జేబులో వేసుకుని వచ్చేసరికి, అల్లుడు ఒక పెట్టెను నేలకు దించి ఉన్నాడు. అది ఆమె కూర్చున్నదే. ఒకవైపు తేలికైన చక్రం గాలికి మెల్లగా వాలుతోంది. ఈసారి బరువు సంగతి నిజం; పెద్ద చక్రాన్ని అలా వదిలేయకూడదు. అతను మళ్లీ పైకెక్కి, తను కూర్చున్న ఎదుటి పెట్టె బోల్టులు విప్పడం మొదలుపెట్టాడు.